కారు నిద్రపోయే దాకా

ముట్టుకోకూడదు. తలుపు తియ్యకూడదు, వెయ్యకూడదు, తాళంచెవి దగ్గరికి తేకూడదు, గట్టిగా దగ్గకూడదేమో కూడా, ఎందుకంటే ఈ కారు నిద్రపోవాలి. ఇంజను ఆపినంత మాత్రాన కారు నిద్రపోదట. లోపల చిన్న చిన్న పెట్టెలు చాలా ఉంటాయట, తలుపుల సంగతి చూసుకునేదొకటి, రేడియో స్టేషన్లు గుర్తుపెట్టుకునేదొకటి, దొంగ వస్తే అరిచేదొకటి, అవన్నీ పెళ్ళివారిల్లు సద్దుమణిగినట్టు ఒక్కొక్కటే పక్కలేసుకుని పడుకోవడానికి గంట దాకా పట్టొచ్చట. అన్నీ పడుకున్నాక కూడా బ్యాటరీలోంచి కరెంటు పోతూనే ఉందంటే ఎవరో మేలుకుని దొంగతిండి తింటున్నట్టు లెక్క. ఆ దొంగ కోసమే నేను ఈ ఆదివారం మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నాకన్నా ఇరవై రెట్లు బరువున్న ఇనప జంతువుకి జోకొడుతున్నాను. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, వైరుకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్ పెట్టాను. కారు తాగే ప్రతి చుక్కా ఇప్పుడు ఈ మీటర్ గొంతులోంచే దిగాలి. ఫ్యూజుల పెట్టె స్టీరింగ్ కింద ఉంటుంది కాబట్టి డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచే ఉంచాను, కాకపోతే తలుపు అంచున ఉండే గొళ్ళాన్ని స్క్రూడ్రైవరుతో టక్కుమని నొక్కి, తలుపు మూసే ఉందని కారుని నమ్మించాను. ఈ నెల మొత్తం మీద నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే, అదీ ఒక కారుతో. ఎవరైనా గుర్తుపెట్టుకుంటే బాగుండును.

మా ఇంట్లో గుర్తుపెట్టుకునేవి వేరే ఉంటాయి. పక్కింటి కాలింగ్ బెల్ వైరు మా బెల్‌కి కలిపి వాళ్ళ చుట్టాలందరికీ మేమే తలుపు తీసేలా చేసింది గుర్తుంటుంది. గోడ గడియారం, అలారం, నాన్న చేతి వాచీ అన్నీ ముందుకి తిప్పితే ఆయన వాచ్‌మన్ కన్నా ముందు ఆఫీసుకి చేరి, తాళం వేసిన గేటు ముందు అన్నం డబ్బా పట్టుకుని నిలబడింది గుర్తుంటుంది. నిజానికి ఆ రోజు ఆయనకి ప్రమోషన్ ఇవ్వాల్సింది, ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచీ అంత పొద్దున్నే వచ్చినవాడు లేడు, కానీ దానికి నాకు కృతజ్ఞత చెప్పిన నాథుడు లేడు. సరే, అవన్నీ నేనే. కాదన్నానా. కానీ పరువున్న పనివాడెవడూ నాసిరకం పని మీద తన ముద్ర వెయ్యనివ్వడు. బ్యాటరీ డౌన్ చెయ్యడంలో ఏముంది, హెడ్‌లైటు వేసి మర్చిపోతే చాలు, ఏ మతిమరుపు మనిషైనా చేస్తాడు. అందులో నవ్వేదీ, మలుపేదీ, చివర్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే ఆ అర క్షణం ఏదీ. నా కోపం నేరం మోపినందుకు కాదు, ఇంత చవకబారు నేరం మోపినందుకు. అని అందరికీ చెబుతున్నాను. నిజమేమిటంటే మోపినందుకే. చెయ్యని పనికి తిట్లు తినడం నాకు అలవాటు లేదు, చేసిన పనులకే తీరిక లేకుండా తిన్నాను.

మీటర్ ఇంకా ఒకటిన్నర ఆంపియర్ల దగ్గర ఊగుతోంది. ఎవరో ఇంకా పళ్ళు తోముకుంటున్నారు లోపల. పడుకో తల్లీ పడుకో. నాన్నకి ఇలాంటి ఓపిక ఉండి ఉంటే. ఆయన ఇన్సూరెన్సు వాళ్ళ సర్వేయరు, అంటే ఎక్కడైనా దుకాణం కాలితే వెళ్ళి, బూడిద ముందు గొంతుక్కూర్చుని, ఇది దానంతటదే కాలిందా, కావాలని కాల్చుకున్నారా తేల్చే ఉద్యోగం. ఏళ్ళ తరబడి బూడిద చూసి చూసి, లోకంలో ఏదైనా దానంతటదే జరుగుతుందన్న నమ్మకం ఆయనకి పోయింది. పాలు పొంగితే "చివరిగా స్టవ్ దగ్గర ఎవరున్నారు" అంటారు. వాన వచ్చినా ముందు నా వైపు చూస్తారు. కారు మొదటిసారి మొరాయించినప్పుడు కూడా ఆయన బానెట్ ఎత్తలేదు, నా గది తలుపు తెరిచారు. కారు టకటకటక అంటుంటే, ముసలాయనకి చలికి పళ్ళు కొట్టుకున్నట్టు, ఆ చప్పుడు వింటూనే దుప్పటి లాగి "లే, ఏం చేశావు" అన్నారు. ఏం చేశానంటే నిద్రపోయాను. అది ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

బ్యాటరీ డాక్టర్ అని బోర్డు పెట్టుకున్న మెకానిక్ ఒకడు వచ్చాడు. బ్యాటరీ పోయింది సార్ అన్నాడు. కొత్తది వేశాడు. అదీ వారం తిరక్కుండా డౌన్. ఇదీ పోయింది సార్ అన్నాడు, సానుభూతిగా, వరసగా పిల్లల్ని పోగొట్టుకున్న ఇంటికొచ్చినట్టు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి మీటర్ పెట్టి చూడలేదు. కడుపు నొప్పి అని వెళితే కడుపు మార్చి పంపే డాక్టరు వీడు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం బాగా ఆలోచించి, చేతులు తుడుచుకుని, "ఇంట్లో కుర్రాళ్ళున్నారా సార్" అని అడిగాడు, ఎలకలున్నాయా అన్నట్టు. నాన్న మొహం విప్పారింది. ఒక నిపుణుడు కూడా అదే మాట అన్నాడు కదా. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నేను అప్పుడు పెరుగన్నం తింటున్నాను, నా చేతిలో ముద్ద తప్ప ఏ ఆయుధమూ లేదు.

అయినా వాళ్ళ సంగతి పోనీ. అక్క సంగతి పోనివ్వలేకపోతున్నాను. నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో ఉద్యోగం, దాని కోసం అక్క గోడ మీద రసాయనాల పేర్లు అంటించుకుని చదివింది, అన్నం తింటూ పైకి చదివింది, నిద్రలో కూడా క్లోరిన్ క్లోరిన్ అంది. ఇంటర్వ్యూ రోజు ఇస్త్రీ చీరలో, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. నాన్న తాళం తిప్పారు. టకటకటక. మళ్ళీ తిప్పారు. టక. తర్వాత వీధి చివరిదాకా పరిగెత్తి, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి, మీ తర్వాత వాళ్ళని పిలిచేశామమ్మా అన్నారట. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, ఫైలు బల్ల మీద పెట్టి, నా వైపు ఒక్కసారి చూసింది. చిన్నప్పుడు అక్క నన్ను కొట్టేది, గిచ్చేది, ఒకసారి బీరువాలో పెట్టి తాళం వేసింది, వాటన్నిటిలోనూ ఒక ఆప్యాయత ఉంది. ఈ చూపులో లేదు. నేను కాదక్కా అన్నాను. విననట్టు వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ నాతో మాటల్లేవు, ఏం కావాలన్నా అమ్మతో చెబుతుంది. "ఉప్పు ఇటు జరపమను వాడిని" అంటుంది, ఉప్పు నా మోచేతికీ తన మోచేతికీ మధ్య ఉండగా.

అందుకని తీర్పు చెప్పేశారు. ఇవాళ సాయంత్రం మామయ్య వస్తాడు, నన్ను తీసుకుపోతాడు. అమ్మ తమ్ముడు. ఆయనకి పక్క ఊళ్ళో కోల్డ్ స్టోరేజీ ఉంది, ఎండాకాలంలో కూడా స్వెటర్లు వేసుకుని బంగాళాదుంపల బస్తాలు లెక్కపెట్టే చోటు. అక్కడ పనిచేసేవాళ్ళు నవ్వరు, నవ్వితే పళ్ళు గడ్డకడతాయని భయం. ఏడాది ఉంటే కుదురొస్తుందని నాన్న, మా దగ్గర ఎంతటివాడైనా చల్లబడతాడని మామయ్య. దొంగ దొరికితే తప్ప నాకు దారి లేదు. నిజం చెప్పాలంటే బంగాళాదుంపలతో నాకు గొడవ లేదు. కానీ నేనిప్పుడు వెళ్ళిపోతే, అక్క ఉద్యోగం పోగొట్టి పారిపోయినవాడిగానే వెళతాను, ఆ చూపు అలాగే ఉండిపోతుంది, దాన్ని ఆ కోల్డ్ స్టోరేజీలో పెట్టినట్టు చెడకుండా ఉండిపోతుంది.

ఒకటి. పాయింట్ ఎనిమిది. దిగుతోంది. బంగారు తల్లి. ఇంకొక్క

"ఏం చేస్తున్నావురా అక్కడ."

నాన్న. లుంగీ, బనీను, భోజనమయ్యాక ఇంటి చుట్టూ నడిచే మూడు చుట్లలో చివరి చుట్టు. "కారు నిద్రపోతోంది నాన్నా, దగ్గరికి రావద్దు" అన్నాను, గొంతు తగ్గించి. ఇంతకన్నా కచ్చితమైన వాక్యం నేను ఈ జన్మలో పలకలేదు. "నాతో హాస్యాలాడకు" అన్నారు, రెండడుగులు ముందుకేశారు. ఆయన చేతిలో కారు తాళంచెవి. నా చేతికి చిక్కకుండా ఈ నెలంతా ఆయన దాన్ని పట్టుకునే తిరుగుతున్నారు, స్నానానికి కూడా దానితోనే వెళుతున్నారు. ఆ తాళంచెవి పక్కకొస్తే చాలు కారు యజమాని వచ్చాడనుకుంటుంది. డోరు హ్యాండిల్ దగ్గర లైటు వెలిగింది, లోపల ఏదో కుయ్‌మంది, మీటర్ ఎగిరి నాలుగు మీద కూర్చుంది. గంటసేపు జోకొట్టిన పిల్లని చుట్టం వచ్చి బుగ్గ గిల్లి లేపినట్టయింది. "మీరు లేపేశారు" అన్నాను. "బట్టలు సర్దుకున్నావా" అన్నారు. వెళ్ళి పడుకున్నారు. ఆయనకి వెంటనే నిద్ర పట్టింది, గురక కిటికీలోంచి వినిపిస్తోంది, మనుషులకి ఇంత తేలిక.

మళ్ళీ మొదటి నుంచి. మీటర్ మళ్ళీ మెల్లగా మెట్లు దిగుతోంది. అక్క వచ్చింది, తీగ మీద బట్టలు తియ్యడానికి. వంటింటి కిటికీ వైపు తిరిగి "అమ్మా, ఆ బకెట్ కావాలని చెప్పు" అంది. కిటికీలోంచి అమ్మ "ఇవ్వరా" అంది. లేచి ఇచ్చాను. అక్క బకెట్ తీసుకెళ్ళి, అందులో ఏమీ వెయ్యకుండా, తలుపు పక్కన ఖాళీగా పెట్టింది. నేను నేల మీద కూర్చున్నాను. నేల మీద ఆయిలు మరక ఉంది. అలా కూర్చుని, మీటర్ చూడటం మానేసి ఆ ఖాళీ బకెట్‌నే చూస్తూ ఉండిపోయాను, కోపంతోనే అనుకున్నాను, కోపమే అయి ఉంటుంది.

కాసేపటికి అమ్మ మజ్జిగ పట్టుకొచ్చింది. ఈ ఇంట్లో నా వైపు మాట్లాడింది అమ్మ ఒక్కతే. పంచాయితీ జరిగిన రోజు కూడా "వాడు కాదేమోనండీ" అంది. నేను ఆ మాటని ఎన్నిసార్లు తిప్పి చూశానో. కాదు అనొచ్చు కదా. ఆ చివర ఏమో ఎందుకు. అన్నం పెట్టి పైన చిన్న రాయి పెట్టినట్టు. "ఎందుకురా ఈ తిప్పలు, మామయ్య దగ్గర నాలుగు రోజులుండి రా, అన్నీ సర్దుకుంటాయి" అంది. నేనేం చేస్తున్నానో చెప్పాను, కారు పడుకున్నాక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతాను, ఏది పీకితే మీటర్ పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు అని. "ఫ్యూజులు పీకుతావా" అంది. "పీకుతాను." "అవి చెడిపోవూ." "చెడిపోవు." ఇంకేదో అడగబోయి, గ్లాసు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. అమ్మ గ్లాసు మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు, మా ఇంట్లో గ్లాసులు తాగడం పూర్తి కాకముందే కడగబడతాయి.

పాయింట్ ఆరు. పాయింట్ నాలుగు. పాయింట్ మూడు. పాయింట్ మూడు. ఇంక కదలడం లేదు. కారు పడుకుంది, చీమ చిటుక్కుమనడం లేదు, అయినా పాయింట్ మూడు. ఉండాల్సింది దీంట్లో పదోవంతు. అంటే ఉన్నాడు. ఎవడో ఉన్నాడు లోపల, రాత్రింబవళ్ళు గుటకలేస్తూ ఉన్నాడు, నాన్న ఆఫీసుకి నడిచి వెళ్ళే రోజుల్లో, కారు షెడ్డులో కదలకుండా ఉన్న రోజుల్లో, ఎవరూ చూడకుండా బ్యాటరీ మొత్తం తాగేసి, బిల్లు నా పేర రాయిస్తున్నాడు. పిల్లిలా పాక్కుంటూ వెళ్ళి, సీటుకి తగలకుండా, స్టీరింగ్ కింద తల దూర్చి, ఫ్యూజుల మూత తీశాను. హారన్ ఫ్యూజు పీకాను, కదల్లేదు. పెట్టేశాను. రేడియోది. కదల్లేదు. అద్దాలవి. లోపలి లైటుది పీకి, తల తిప్పి మీటర్ చూశాను. సున్నా పాయింట్ సున్నా రెండు.

నవ్వు రాలేదు. వస్తుందనుకున్నాను. ఆ ఫ్యూజు వెనక నుంచి కంపెనీ వైర్ల మధ్య ఒక పరాయి వైరు, సన్నటి ఎర్రది, దాని మీద టేపు కూడా సరిగ్గా చుట్టలేదు. నేనైతే అలా చుట్టను. దాని వెంటే వేళ్ళు పోనిచ్చాను. డాష్‌బోర్డు లోపల, కొత్త సీటు కవర్లు వేసిన రోజుల్లో వాడిన జిగురు వాసన ఇంకా ఉంది, ఆ లోపలెక్కడో సబ్బుబిళ్ళంత నల్ల డబ్బా తగిలింది. వెచ్చగా ఉంది. ఎన్నో రోజులుగా ఆగి ఉన్న కారులో వెచ్చగా ఉండటానికి దానికి ఏ హక్కు ఉంది. బయటికి లాగి చూశాను. బండి ఎక్కడుందో ఫోనుకి చెప్పే డబ్బా. లోపల దానికో చిన్న బ్యాటరీ ఉంటుంది, అది ఉబ్బిపోయింది, ఎంత పోసినా నిండని బ్యాటరీ, దాన్ని నింపడానికే మా పెద్ద బ్యాటరీని పీల్చేస్తోంది. నాన్న, అనుకున్నాను. ఇంకెవరు. నా మీద నిఘా. నేను రాత్రిళ్ళు కారు తీసుకుపోతానేమోనని డబ్బా పెట్టించి, ఆ డబ్బా బ్యాటరీ తాగేస్తే, ఆ తాగింది కూడా నేనే అని నన్ను బంగాళాదుంపల్లోకి పంపిస్తున్నారు. వీధివీధంతా వినబడేలా అరవడానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను, పీల్చుకుంటూనే వైరు లాగేశాను. ఇంట్లో ఒక ఫోను టింగుమంది.

అలాంటి డబ్బాలు ఉత్తినే కరెంటు ఆగితే ఊరుకుంటాయి, ఎవరైనా వైరే పీకేస్తే మాత్రం యజమానికి ఫోనులో కబురు పెడతాయి. నాన్న గురక ఆగలేదు. టింగుమంది వంటింట్లో.

అమ్మ వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సగం తరిగిన వంకాయ. నా చేతిలో డబ్బా చూసింది. "మెల్లగా మాట్లాడు" అంది, నేను ఇంకా ఏమీ మాట్లాడకముందే.

"నా మీద నిఘానా" అన్నాను.

"నీ మీద నాకెందుకురా నిఘా. నువ్వు ఎక్కడున్నా చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మీ నాన్న మీద."

చెప్పింది. గుసగుసగా, వంకాయతో సైగలు చేస్తూ చెప్పింది. నాన్న కారు తీసుకుని తనిఖీలకి వెళ్ళే రోజుల్లో మా హాల్లో పేకాట జరుగుతుందట. ఎదురింటి టైలరమ్మ, మందుల షాపావిడ, మేడ మీది రిటైరైన హెడ్మిస్ట్రెస్, అమ్మ. పందెం చొక్కా గుండీలు, టైలరమ్మ తెస్తుంది. పేకముక్క చూస్తే చాలు ఇల్లు తగలబడుతుందని నాన్న సిద్ధాంతం, ఆ సిద్ధాంతం వినీ వినీ వీళ్ళు టైలరమ్మ వాళ్ళాయన సీటు కవర్లు కుట్టడానికొచ్చినప్పుడు అతనిచేత ఈ డబ్బా పెట్టించారు. కారు వీధి మలుపు తిరిగేలోపు ముక్కలు బియ్యం డబ్బాలోకి, గుండీలు టైలరమ్మ సంచిలోకి, అమ్మ గేటు దగ్గరికి. "నేను గేటు కొట్టకముందే తెరిచే ఇల్లాలు" అని ఆఫీసులో అందరికీ చెప్పుకుంటారు నాన్న. నేను బెల్ వైర్లు, గడియారాలు అంటూ దొరికిపోతూ, తిట్లు తింటూ, పేరు పాడుచేసుకుంటూ ఉంటే, అసలు పని తెలిసిన మనిషి నాకు మజ్జిగ ఇచ్చి వెళుతోంది.

"ఇదేనమ్మా బ్యాటరీ తాగింది" అన్నాను. "మొదటి నుంచీ ఇదే. అక్క ఇంటర్వ్యూ రోజు కూడా."

అమ్మ చేతిలో వంకాయ ఆగిపోయింది. "ఇంత లేదు కదరా అది." తర్వాత, ఇంకా మెల్లగా, "నేను నువ్వే అనుకున్నానురా" అంది.

అదీ ఆ ఏమో. ఈ ఇంట్లో నన్ను నమ్మినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు, నా వైపు మాట్లాడిన మనిషి కూడా నమ్మి మాట్లాడలేదు, జాలిపడి మాట్లాడింది. నా పరువంతా ఇప్పుడు సబ్బుబిళ్ళంత, వెచ్చగా, నా అరచేతిలో ఉంది. ఇది చూపిస్తే నేను బతుకుతాను, పేకాట పోతుంది. దాచేస్తే హెడ్మిస్ట్రెస్ గెలుచుకున్న గుండీలు క్షేమం, నేను స్వెటర్‌లోకి. ఎవరు ఎవరికి రుణపడ్డారో తేల్చుకునేంతలో గురక ఆగింది. నాన్న గుమ్మంలో, వెనకే అక్క, చేతిలో మడత పెట్టని దుప్పటి.

"ఏమిటది" అన్నారు నాన్న, బూడిద చూసే కళ్ళతో.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకిప్పటికీ తెలియదు. "నేనే పెట్టించానండీ" అంది అమ్మ. "అది బ్యాటరీ తాగుతుందని తెలియదు. వాడి తప్పేం లేదు. అంతా నా మూలంగానే జరిగింది." అక్క వైపు తిరిగి, "నీ ఇంటర్వ్యూ కూడా" అంది.

"ఎందుకు పెట్టించావు."

"మీరు ఎక్కడిదాకా వచ్చారో తెలుస్తుందని. ఎంతసేపటికి ఇంటికొస్తారో తెలియకపోతే మనసు ఒకచోట ఉండదు."

ప్రతి మాటా నిజం. కోర్టులో పెట్టినా నిలబడుతుంది. నాన్న మొహం వేడి పెనం మీద వెన్నలా అయిపోవడం నేను కళ్ళారా చూశాను. "నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదే, పిచ్చిదానా" అన్నారు. అంతే. విచారణ ముగిసింది. ఎవరు బిగించారు, ఎప్పటి నుంచి, ఎందుకు దాచావు, ఒక్క ప్రశ్న లేదు. బెల్ వైరు గొడవకి నన్ను భోజనం చెయ్యనివ్వకుండా ప్రశ్నలడిగిన మనిషి. గోడౌన్లో మసి చూసి అగ్గిపుల్ల ఏ చేత్తో గీశారో చెప్పే మనిషి. మామయ్యకి ఆయనే ఫోను చేసి, వద్దులేవోయ్, ఇంకోసారి చూద్దాం అన్నారు. ఇంకోసారి అట. నా వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు, ఇదిగో వస్తోంది అనుకున్నాను. "నీ మీద అనుమానం రావడంలో కూడా తప్పులేదులే" అన్నారు. ఆయన భాషలో అది క్షమాపణ, తిరిగి ఇచ్చేయాలనిపించింది. ఆ పైన, "దానికి కొత్తది తెచ్చి మళ్ళీ బిగించు. బ్యాటరీ తినకుండా బిగించు. అమ్మకి బెంగ" అన్నారు.

మందుల షాపు పక్క కొట్లో అలాంటివే అమ్ముతారు. తెచ్చాను. ఇప్పుడు మళ్ళీ స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని, వైపర్ల ఫ్యూజుకి వైరు కలుపుతున్నాను. తాళం తిప్పితేనే దీనికి కరెంటు, ఆపితే దీనికీ నిద్రే. నలుగురు ఆడవాళ్ళ పేకాట నిర్విఘ్నంగా సాగడానికి నా చెమటోడుస్తున్నాను, టేపు కూడా నీటుగా చుడుతున్నాను, ఈ పనికి నా పేరు ఎక్కడా ఉండదు. చీకటిగా ఉంది ఇక్కడ, ఫోను నోట్లో పెట్టుకుని వెలుగు పట్టుకుందామంటే జారుతోంది. పక్క నుంచి టార్చి వెలుగు పడింది. అక్క. వంగి పట్టుకుంది. సరిగ్గా వైరు మీదే పట్టుకుంది.

"నేను కాదని అప్పుడే చెప్పాను" అన్నాను, వైరుతో.

"చెప్పావు."

"మరి."

"నువ్వు అబద్ధం చెప్పినప్పుడూ ఇదే మొహం, నిజం చెప్పినప్పుడూ ఇదే మొహం. నాకెలా తెలుస్తుందిరా."

ఇది అన్యాయం. మనిషికి ఉండేది ఒక్క మొహం. నిజానికి ఒకటి, అబద్ధానికి ఒకటి పుట్టుకతోనే ఇచ్చి ఉంటే జాగ్రత్తగా వాడుకునేవాణ్ణి. కళ్ళు కొంచెం పెద్దవి చేసి, కనుబొమలు పైకెత్తి, "ఇలా పెడితే" అన్నాను. "కడుపునొప్పిలా ఉంది" అంది. కాసేపు టేపు చుట్టాను. తను వెలుగు కదపకుండా పట్టుకుంది, చెయ్యి మార్చుకుంది, మళ్ళీ పట్టుకుంది.

"ఇంకో లాబ్ వాళ్ళు పిలిచారు. గురువారం" అంది. "పొద్దున్నే బయల్దేరాలి. స్టార్ట్ అవుతుందా."

"అవుతుంది."

టార్చి వైరు మీద నుంచి లేచి నా మొహం మీదికి వచ్చింది. కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు. వెలుగు వెనక అక్క మొహం కనబడటం లేదు, తను చూస్తోందని మాత్రం తెలుస్తోంది. నేనేమీ పెద్దవి చెయ్యలేదు, ఏమీ పైకెత్తలేదు, ఉన్న మొహాన్ని ఉన్నట్టు ఉంచాను.

"అవుతుందక్కా" అన్నాను.

ఇంకాసేపు చూసింది. సరే అని, వెలుగు మళ్ళీ వైరు మీదికి తిప్పింది.